కాటను ఇంటిపేరు పుట్టుక

నల్లపాడు రైల్వే జంక్షను దాటి ప్రత్తిచేలమీదుగా సాగు బాటసారికి, 1847 మొదలు 1852 వఱకు ధవళేశ్వరమున గోదావరికి ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటను దొరగారి వంశనామము ఈ ప్రత్తినుండియే పుట్టినదేమో యని తోచుట సహజము. కాని ఆ యూహ నిలువదు.

ప్రత్తికి ఇంగ్లీషువారు వాడు మాట అరబ్బుల ‘కుత్న్’ నుండి ఫ్రెంచివారి ద్వారమున వారికి దక్కినది. దొరగారి ఇంటిపేరో, ప్రాచీనాంగ్లమున గుడిసెను తెలుపు ‘కాట్’ అను పదముయొక్క బహువచనరూపమునుండి వచ్చినది. గుడిసెలయొద్ద నివసించువాడని దాని భావము. అట్టి పేరుగల పల్లెలు ఇంగ్లండున పెక్కులుండుటచే, ఒండొరులతో రక్తసంబంధము లేని కుటుంబములును ఆ నామమునే వహించినవి. 1066లో నార్మనులు ఆ దేశమును జయించిన పిమ్మట, తొలుత భూస్వాముల యిండ్లలోను, క్రమముగా సామాన్యులలోను, ఇంటిపేరు తండ్రినుండి కొడుకునకు సంక్రమించు ఆచారము స్థిరపడినది.

మన సీమలోను పల్లెపేరే పెక్కుసారులు ఇంటిపేరైనది. నల్లపాడు విడిచి పొరుగూర స్థిరపడినవారు నల్లపాటివారు; కొండవీడు విడిచినవారు కొండవీటివారు. స్వగ్రామమున నున్నంతకాలము ఆ పేరుతో పనియేమి? అందఱును ఆ యూరివారే కదా! మనవారు ఆ పేరును వ్యక్తినామమునకు ముందుంచిరి, ఇంగ్లీషువారు వెనుకకు త్రోసిరి; భేదమంతయే.

అయినను ఇంటిపేర్లన్నియు ఊళ్లనుండియే పుట్టవు: గుంటూరు విభుడని ఖ్యాతిగన్న మంత్రిభాస్కరుని మనుమడు తిక్కన కొట్టరువువారి బిడ్డ, 1895లో వినుకొండలో జన్మించిన జాషువ కవి గుఱ్ఱమువారి బిడ్డ.