ఆవగింజంత చోటులో ఆల్బమ్

జమైకా గాయక బృందం ది కాంగోస్ పాడిన ‘హార్ట్ ఆఫ్ ది కాంగోస్’ 1977 నాటిది. సెడ్రిక్ మైటన్‌ది సన్నని పైస్థాయి గొంతు, రాయ్ జాన్సన్‌ది నడిమి గొంతు, అడుగున వాటీ బర్నెట్ మంద్రం. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే గదినిండా మనుషులున్నట్టే ఉంటుంది. రికార్డు చేసిన యంత్రానికి ఉన్నవి మాత్రం నాలుగే ట్రాకులు.

ట్రాక్ అంటే టేపు పొడవునా సాగే ఒక గీత. దానిమీద ఎక్కిన శబ్దాన్ని విడిగా పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. అప్పటికే లండన్ పెద్ద స్టూడియోల్లో 24 ట్రాకులుండేవి. నిర్మాత లీ ‘స్క్రాచ్’ పెర్రీ 1973లో కింగ్‌స్టన్‌లోని తన ఇంటి పెరట్లో కట్టుకున్న బ్లాక్ ఆర్క్‌లో ఉన్నది టియాక్ వారి చిన్న యంత్రం. దాని టేపు వెడల్పు పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు. బియ్యపు గింజ పొడవుకు కాస్త ఎక్కువ. అందులోనే నాలుగు గీతలు, మధ్యలో ఖాళీలు. ఒక్కో ట్రాక్‌కు ఆవగింజంత చోటు దక్కుతుంది. పొడవుకైతే కరువు లేదు. యంత్రాన్ని హెచ్చు వేగంలో పెడితే సెకనుకు 38 సెంటీమీటర్ల టేపు నడుస్తుంది. మూడు నిమిషాల పాటకు 68 మీటర్లు, దాదాపు పన్నెండు చీరల పొడవు.

మరి డ్రమ్స్, బేస్, గిటార్, ఆర్గన్‌తోనే నాలుగూ నిండిపోతే గొంతులెక్కడ? నిండిన ట్రాకులను కలిపి మరో టేపులోని ఒక ట్రాక్‌మీదికి దించుతారు, మిగతావి ఖాళీగా మిగులుతాయి. దీన్నే బౌన్సింగ్ అంటారు. వంటింట్లో సగం సగం ఉన్న డబ్బాలన్నీ ఒకదాంట్లో పోసుకోవడమే. కాకపోతే కందిపప్పూ పెసరపప్పూ కలిశాక వేరుచేయడం ఎవరితరమూ కాదు. బేస్ ఎంత, డ్రమ్స్ ఎంత అన్నది గొంతులు ఎక్కకముందే తేల్చుకోవాలి. పెర్రీ గొప్పతనం నా లెక్కలో అక్కడే ఉంది.

నాణ్యత పోదా? పోతుంది, జిరాక్స్‌కు జిరాక్స్ తీసినట్టే. ప్రతి కాపీ తనవంతు ‘హిస్’, అంటే టేపు సన్నని బుస, కలుపుతుంది. ఒకసారి కాపీ చేస్తే ఆ బుస శక్తి రెట్టింపవుతుంది, లెక్కకు 3 డెసిబెల్స్. చెవికి మాత్రం కాస్త పెరిగినట్టే అనిపిస్తుంది.

ఇక ఈ ఆల్బమ్‌లో శబ్దం నీళ్లలో ఊగుతున్నట్టు వినిపించడం ఫేజర్ పని. శబ్దానికి కొద్దిగా జరిపిన దాని నకలునే కలిపే పెట్టె అది. ప్రతిధ్వని స్పేస్ ఎకో అనే యంత్రానిది. అందులో టేపు చుట్టలా తిరుగుతుంటుంది. రాసే హెడ్ నుంచి చదివే హెడ్ దాకా టేపు చేరడానికి పట్టే సమయమే ప్రతిధ్వని ఆలస్యం. మధ్య దూరం 3 సెంటీమీటర్లు, వేగం సెకనుకు 10 అనుకోండి, 0.3 సెకను.

ఐలాండ్ రికార్డ్స్ అనే సంస్థ ఈ ఆల్బమ్‌ను విడుదలకు తీసుకోలేదు. పెర్రీ సొంత లేబుల్‌మీద కొద్ది కాపీలే వచ్చాయి. 1996లో బ్లడ్ అండ్ ఫైర్ సంస్థ మళ్లీ విడుదల చేసేదాకా చాలామందికి చేరనేలేదు.

చివరగా ఒక సందేహం: బ్లాక్ ఆర్క్ పాటల్లో ఆవు ఎందుకు అరుస్తుంది? అది ఆవు కాదు. రేకు కాగితం చుట్టిన అట్టగొట్టంలోంచి వస్తున్న వాటీ బర్నెట్ గొంతు.