గొఱ్ఱెల నీలినాలుక వ్యాధి - నెత్తురు గడ్డకట్టు విధము

వానలు కురిసి, చెఱువులు నిండి, మేత సమృద్ధిగా నున్న కాలముననే గొఱ్ఱెల కాపరికి నష్టము వాటిల్లుట మన ప్రాంతమున అరుదు కాదు. ఆశ్వయుజ కార్తిక మాసములలో మందలోని ఒకటి రెండు జీవాలు మేత మాని తల వాల్చును. ఒడలు కాలును. మూతి, పెదవులు, చెవులు వాచును. నోటివెంట చొంగ కారును. గిట్టల పైయంచున ఎఱ్ఱని చాఱ యేర్పడి కుంటును. కొన్నిటికి నాలుక వాచి నీలివర్ణము దాల్చును. దీనినే మూతివాపు అనియు, నీలినాలుక అనియు పిలుచుచున్నారు. తడిగడ్డి మేయుటచే వచ్చినదని కొందఱును, గాలికుంటు అని కొందఱును తలతురు. రెండును గావు.

2019వ సంవత్సరపు పశుగణనలో తెలంగాణమున సుమారు 1 కోటి 90 లక్షలును, ఆంధ్రప్రదేశమున సుమారు 1 కోటి 76 లక్షలును గొఱ్ఱెలు లెక్కకు వచ్చినవి. దేశమున మొదటి రెండు స్థానములును మనవే. కావున ఈ వ్యాధిని గూర్చి మనవలె తెలిసికొనవలసినవారు వేఱొకరు లేరు.

దీనికి మూలము ఒక వైరసు. అది గొఱ్ఱెనుండి గొఱ్ఱెకు తాకుడుచే అంటదు; మనుష్యులకు రానే రాదు. దోమకంటె మిక్కిలి చిన్నదై, కుట్టి నెత్తురు త్రాగెడు ఒక పురుగు దీనిని మోయుచున్నది. శాస్త్రజ్ఞులు దానిని క్యూలికాయిడిస్ అందురు. ఇది దీనిని వ్యాపింపజేయునని 1944లో దక్షిణాఫ్రికాలో డు టాయిట్ అను శాస్త్రజ్ఞుడు ప్రయోగపూర్వకముగా చూపెను. పేడ కలసిన బురదయు, చెఱువు గట్ల తడియు దీనికి పుట్టినిండ్లు. ప్రొద్దుగ్రుంకినది మొదలు తెల్లవాఱువఱకు కుట్టును.

కుట్టిన చోటికి దగ్గఱనున్న గ్రంథిలో వైరసు మొదట వృద్ధిచెంది, పిదప నెత్తురున బడి, సన్నని రక్తనాళముల లోపలి పొరను పట్టును. ఈ పొర నున్నగా నున్నంతవఱకు నెత్తురు సాఫీగా పాఱును. పొర చెడినచో గాయమైనదని శరీరము తలచును. తెల్లకణములు శత్రువు వచ్చెనని రసాయనపు కబురులు పంపును. ఆ కబురులకు పొర వాచి సందులు విడును, నెత్తురులోని నీరు వెలికి ఊరును. అదియే మూతివాపు. ఊపిరితిత్తులలో ఊరినచో ముక్కువెంట నుఱుగు వచ్చి జీవము ఊపిరాడక చచ్చును. ఆ వెంటనే ప్లేట్‌లెట్లు అను కణశకలములు గుమిగూడి, నార వంటి ఫైబ్రిను దారములు అల్లుకొని, గడ్డలు కట్టును. గాయము నొద్ద మేలుచేయు పనియే ఇచట వేలకొలది సన్ననాళములలో ఒక్కసారి జరుగును. నెత్తురందని నాలుక నీలమగును.

కాలువకు గండి పడెనని విని, ఊరివారందఱును మట్టితట్టలతో పరుగెత్తి, గండి లేని పంటబోదెలన్నిటిని పూడ్చివేసిరనుకొనుడు. దిగువ పొలములు ఎండును. మట్టియు అయిపోవును. నిజముగా గండి పడినచోట పూడ్చుటకేమియు మిగులదు. గొఱ్ఱెలోను అట్లే గడ్డకట్టు సామగ్రి అంతయు ఖర్చయి, పిమ్మట ఎక్కడబడిన అక్కడ నెత్తురు చిమ్మును. చచ్చిన జీవమును పశువైద్యుడు కోసి చూచునపుడు, గుండెనుండి ఊపిరితిత్తులకు బోవు పెద్దనాళము మొదట నెత్తురుమచ్చ కనబడుట ఈ రోగపు ముఖ్యచిహ్నము.

ఇదే వైరసు ఆవులకును పట్టును గాని సాధారణముగా అవి జబ్బుపడవు. కారణమును 2002లో కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు కొంత తెలిపిరి. నాళపు పొర గడ్డకట్టించు పదార్థమును, గడ్డకట్టనీయని పదార్థమును రెంటిని పుట్టించును. వైరసు సోకినపుడు గొఱ్ఱెలో మొదటిది హెచ్చగును. ఆవులో రెండవది దానిని అణచియుంచును. అయితే ఆవు నెత్తురులో వైరసు వారములకొలది నిలుచును. దొడ్డిలో ఆవులను గొఱ్ఱెలను ప్రక్కప్రక్కన కట్టువారు ఈ మాట మఱువరాదు.

మనుష్యులలోను ఇట్టిది 2020లో చూచితిమి. కోవిడు తీవ్రమైనవారి ఊపిరితిత్తుల నాళములలో గడ్డలు కట్టినవి. వైద్యులు నెత్తురు గడ్డకట్టనీయని హెపారిను ఇచ్చిరి. శరీరపు పోరును తగ్గించు డెక్సామిథసోను అను చౌకమందు, కృత్రిమశ్వాస యంత్రముపై నున్నవారి మరణములను సుమారు మూడవవంతు తగ్గించినట్లు ఆ జూనులో ఇంగ్లాండున తేలెను. ప్రాణవాయువు అక్కఱలేని రోగులకు దానివలన మేలు కలుగలేదు. ఈ సంగతి విని ఎవరైన గొఱ్ఱెలకు ఆ సూది తామే పొడిచెదరేమో! నెలలు నిండిన చూడిగొఱ్ఱె ఈచుకొనిపోవును.

వైరసును చంపు మందు దీనికి లేదు. జబ్బుపడిన జీవమును ఎండ తగులని చోట కట్టి, గంజియు మెత్తని పచ్చిమేతయు నోటికందించుచు, పుండ్లను పలుచని పర్మాంగనేటు నీటితో కడుగవలెను. తక్కిన చికిత్స పశువైద్యునిది.

టీకా గలదు. మన దేశపు మందలలో తిరుగు రకములలో 1, 2, 10, 16, 23 సంఖ్యలు గల అయిదింటిపై పనిచేయునట్లు చేసిన టీకా 2015లో వెలువడినది. వైరసును చంపి చేసినది గనుక దానివలన రోగము రాదు. నాళపు పొర చెడకమునుపే కాపు ఏర్పడవలెను గనుక, మూతులు వాచిన పిమ్మట తెప్పించుట దండుగ. తొలకరికి ముందే గొఱ్ఱెల పెంపకందారుల సంఘ కార్యదర్శి ఇంటింటి మందల లెక్క వ్రాసికొని, పశువైద్యశాలకు తెలిపి, ఊరి మందలన్నిటికి ఒకే దినమున వేయించుట మేలు. సీసాలను మంచుపెట్టెలో 2 మొదలు 8 డిగ్రీల సెంటీగ్రేడు చల్లదనమున నుంచవలెను, గడ్డకట్టనీయరాదు. దొడ్డిలోని పేడబురదను అంతకుముందే ఎత్తివేసి, సాయంకాలమునకు మందను చెఱువుగట్టునుండి మెఱకకు తోలుకొనిపోవలెను.