వానకోవెల యెచ్చటికి పోవును?

ఇంగ్లండు దేశమున ఏప్రిలు మాసము వచ్చినంతనే వానకోవెలలు పల్లెలకు చేరి, పశువుల కొట్టములలోని దూలములపై బురదతో గూళ్లు కట్టుకొనును. చలికాలము సమీపింపగనే అవి యన్నియు అదృశ్యమగును. రెండు తులములకు మించి తూగని ఈ చిన్నపిట్ట లెచ్చటికి పోవుచున్నవి? పూర్వకాలమున ఈ ప్రశ్న పండితులను సైతము కలవరపెట్టినది. అవి చెట్టు తొఱ్ఱలలో నిద్రించునని కొందఱును, చెఱువుల అడుగున బురదలో దాగియుండునని కొందఱును నమ్మిరి. ఈ చిక్కు విడిపోవుటకు తోడ్పడినవారు సామాన్య గృహస్థులు. వారు తమ తమ వృత్తులు చేసికొనుచు, తీరిక వేళల ప్రకృతిని పరిశీలించి, కనినది కనినట్లు వ్రాసి యుంచిరి.

అట్టివారిలో గిల్బర్టు వైటు అగ్రగణ్యుడు. ఆయన హాంప్‌షైరు మండలమందలి సెల్బోర్ను గ్రామమున 1720 లో జన్మించి, 1793 లో అచ్చటనే మరణించెను. క్రైస్తవ మతాచార్యుడుగా పనిచేయుచు, గ్రామపరిసరములలో కనబడిన పక్షులను, పురుగులను, పూలను గూర్చి యేండ్ల తరబడి దినచర్యలో వ్రాసికొనెను. ఒకే పోలికగల మూడు చిన్నపిట్టలను వాని కూతలలోని భేదమునుబట్టి వేఱు వేఱు జాతులని గుర్తించెను. పైరుచేలలో గూడు కట్టుకొను మిక్కిలి చిన్న యెలుకలను రెండింటిని త్రాసులో నుంచి తూచగా, అవి ఒక్క రాగి అర్ధపెన్నీ నాణెముతో సరితూగెను! మిత్రులకు ఆయన వ్రాసిన లేఖలు 1789 లో గ్రంథరూపమున వెలువడెను.

వైటును జీవితాంతము వేధించిన ప్రశ్న వానకోవెలలది. జిబ్రాల్టరులో నుండిన ఆయన సోదరుడు, పక్షులు సముద్రము దాటి ఆఫ్రికావైపు పోవుట చూచి తెలియజేసెను. అయినను కొన్ని పిట్టలు స్వగ్రామముననే దాగియుండునేమో యని వైటునకు సందేహము తీరలేదు. కూలివారిచేత పొదలను వెదకించెను; ఒక్కటియు దొరకలేదు. దొరకనిదానిని దొరికినట్లు ఆయన వ్రాయలేదు. సందేహమును సందేహముగానే విడిచి పోయెను.

ఆ సందేహమును తీర్చినది చిన్న లోహపు కడియము. 1909 లో విథర్బీ యను పుస్తక ప్రకాశకుడు పక్షుల కాళ్లకు సంఖ్యయు, చిరునామాయు గల కడియములను తొడిగించు పద్ధతిని ప్రారంభించెను. స్టాఫర్డుషైరు నివాసియగు జాన్ మేస్‌ఫీల్డు అను న్యాయవాది 1911 మే నెలలో తన యింట గూడు కట్టిన వానకోవెల కాలికి అట్టి కడియమును తొడిగెను. 1912 డిసెంబరులో ఆ పిట్ట దాదాపు 6,000 మైళ్ల దూరమున, దక్షిణాఫ్రికాలోని నేటాలు ప్రాంతమున ఒక రైతు ఇంటిలో పట్టుబడెను. వైటు మరణించిన 119 ఏండ్లకు ఆయన ప్రశ్నకు ఉత్తరము లభించినది.

వైటుతో ఉత్తరప్రత్యుత్తరములు జరిపిన రాబర్టు మార్షాము అను భూస్వామి కృషి మఱియొక విధమైనది. నార్‌ఫోకు మండలమున నుండిన ఆయన 1736 మొదలు వసంతచిహ్నములను తేదీలతో వ్రాయసాగెను. తొలి వానకోవెల ఏనాడు వచ్చెను? సిందూరవృక్షము ఏనాడు చిగిర్చెను? కప్ప ఏనాడు బెకబెకలాడెను? ఆయన వంశీయులు, నడుమ కొన్ని యేండ్లు విరామము కలిగినను, 1958 వఱకు ఈ పనిని కొనసాగించిరి. శీతకాలాంతము వెచ్చగానున్న యేండ్లలో చెట్లు ముందుగా చిగిర్చునని ఈ పట్టికల వలన స్పష్టమైనది. భూమి వేడెక్కుచున్న ఈ కాలమున శాస్త్రజ్ఞులకు అవి అమూల్యమైన సాక్ష్యములు.

ఈ సంప్రదాయము నేటికిని సజీవముగా నున్నది. ఏటేట జనవరిలో లక్షలాది బ్రిటను ప్రజలు తమ పెరడులో ఒక గంటసేపు కూర్చుండి పక్షులను లెక్కింతురు. 1979 లో పిల్లలకొఱకు మొదలైన ఈ లెక్కలవలననే, ఇంటిపిచ్చుకల సంఖ్య నాటికంటె సగమునకు పైగా తగ్గినదని తెలియవచ్చినది. తగ్గుట తెలిసినగదా రక్షణ మార్గము నాలోచించుట!

శీతకాలమున తెలుగునాట తీగలపై బారులు తీరి కూర్చుండు వానకోవెలలును ఈ జాతివే. అవి యెన్నడు వచ్చి యెన్నడు పోవునో గమనించుటకు పెద్ద పరికరములు అక్కఱలేదు. ఒక పుస్తకము, ఒక కలము, ఓర్పు, సత్యనిష్ఠ యుండిన చాలును. ఏ నాటి వ్రాత ఏ కాలమున అక్కఱకు వచ్చునో వ్రాయువానికి తెలియదు. తేదీని, స్థలమును, కనినదానిని తప్పులేక వ్రాసియుంచుటయే అతని ధర్మము.