పాత పికప్‌కు రైలు ఇరుసు పాఠం

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పెట్టె కింద నుంచి విప్పిన చక్రాల జతను చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు కదలకుండా బిగించి ఉంటాయి. ఒకటి ఎంత తిరిగితే రెండోదీ అంతే తిరగాలి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో పని వెతుక్కుంటూ ఆ ఊరు చేరిన తెలుగు కుటుంబాలకు ఇది కొత్త విషయం కాదు. కానీ పాత పికప్ ట్రక్కును అడవి దారులకు, రాళ్ల బాటలకు పనికొచ్చేలా తిరిగి కట్టాలనుకునేవారు మొదట అర్థం చేసుకోవలసింది ఈ ఇరుసునే.

మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి. మరి రెండూ ఒకే లెక్కన తిరిగితే ఎలా? రైలు చక్రం అంచు చదునుగా ఉండదు. లోపలి వైపు కాస్త లావుగా, బయటి వైపు కాస్త సన్నగా ఉంటుంది. మలుపులో చక్రాల జత బయటికి జరుగుతుంది. అప్పుడు బయటి చక్రం తన లావు భాగం మీద, లోపలి చక్రం సన్న భాగం మీద నడుస్తాయి. లెక్క సరిపోతుంది.

రబ్బరు టైరుకు ఆ వెసులుబాటు లేదు. అందుకే రోడ్డు బండి ఇరుసు మధ్యలో డిఫరెన్షియల్ ఉంటుంది. రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక ఇది. తారు రోడ్డు మీద ఇది వరం. గుంతల దారిలో ఇదే చిక్కు. డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ తిప్పే బలాన్ని సమానంగానే పంచుతుంది. ఒక చక్రం గాలిలోకి లేస్తే దాన్ని తిప్పడానికి బలమే అక్కర్లేదు. కాబట్టి నేల మీదున్న రెండో చక్రానికీ దాదాపు ఏమీ అందదు. బండి నిలిచిపోతుంది, గాలిలోని చక్రం గిర్రున తిరుగుతూ ఉంటుంది. బురద చేలో ట్రాక్టరు డ్రైవరు కాలితో పెడల్ తొక్కి డిఫరెన్షియల్‌ను లాక్ చేసేది ఇందుకే. లాక్ పడిందంటే ఆ ఇరుసు రైలు ఇరుసు అయిపోయినట్టే. తారు మీద అలాగే వదిలేస్తే మలుపుల్లో టైర్లు ఈడ్చుకుపోతాయి, ఇరుసు మెలిపడుతుంది. అవసరమైనప్పుడే పనిచేసే లాకర్ మేలు.

పెద్ద పికప్ అమెరికా సొత్తు. 1944లో బీ-29 విమానాలు నడిపిన అమెరికా 20వ బాంబర్ కమాండ్ ఖరగ్‌పూర్‌లోనే మకాం వేసింది. ఆ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన డాడ్జ్ ముప్పావు టన్ను ట్రక్కు నుంచే, 1946లో పవర్ వ్యాగన్ అనే పికప్ పుట్టింది. కొండదారి పికప్‌లకు అది పెద్దన్న లాంటిది.

పాత బండిని తిరిగి కట్టేవారు ముందుగా పెద్ద ఇంజిన్ కోసం ఆరాటపడతారు. లెక్క వేరేలా ఉంది. ఇంజిన్ తిప్పే బలం 200 న్యూటన్ మీటర్లు, మొదటి గేరు, లో రేంజ్, ఇరుసు గేర్లు కలిసి దాన్ని 40 రెట్లు చేస్తాయనుకుందాం. చక్రాల దగ్గర 8,000 అవుతుంది. 33 అంగుళాల టైరుతో ఇది, నష్టాలు తీసివేయకముందు, దాదాపు రెండు టన్నుల బరువుకు సమానమైన తోపు. వదులు మట్టి మీద అంత తోపును నేల పట్టుకోలేదు. కొరత బలానిది కాదు, పట్టుది. టైర్లలో గాలి కొంత తగ్గిస్తే టైరు నేలకు ఆనే భాగం పొడవవుతుంది. పైసా ఖర్చు లేని మార్పు ఇది. తిరిగి రోడ్డెక్కేముందు మాత్రం గాలి నింపాలి.

టైరు పెద్దదైతే మిగతా లెక్కలూ కదులుతాయి. 28 అంగుళాల బదులు 33 వేస్తే, 3.73 ఉన్న ఇరుసు గేరు నిష్పత్తి సుమారు 4.4 అయితేగాని పాత లాగుడు రాదు. స్పీడోమీటరు అసలు వేగం కంటే తక్కువ చూపిస్తుంది. బ్రేకుల సంగతి చాలామంది మరచిపోతారు. అదే బ్రేకు, అదే నొక్కుడు, కానీ నేల దగ్గర ఆపే బలం 15 శాతం తగ్గుతుంది.

ఎత్తు పెంచడం ఇంకా ప్రమాదం. చక్రాల మధ్య దూరం 1.6 మీటర్లు, గురుత్వ కేంద్రం 75 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే, కదలని బండి పక్కకు దాదాపు 47 డిగ్రీలు వాలే దాకా నిలుస్తుంది. ఆ కేంద్రం 10 సెంటీమీటర్లు పైకి పోతే 43 డిగ్రీలే. కమాన్ కట్టలు వంగడం, బండి కుదుపు, పైన కట్టిన సామాను కలిస్తే నిజమైన హద్దు అంతకంటే ముందే వస్తుంది.

ఇక ఛాసిస్. ఏళ్ల తరబడి కుదుపులు తిన్న ఇనుములో కంటికి కనిపించని పగుళ్లు మొదలవుతాయి. రైల్వే వర్క్‌షాపుల్లో ఇరుసుల లోపలి పగుళ్లను అల్ట్రాసోనిక్ తరంగాలతో వెతుకుతారు. పికప్ ఛాసిస్‌కు తుప్పు గీకి, వెల్డింగ్ అతుకుల మీద రంగు ద్రవం పూసి చూసే పరీక్ష అయినా చేయించాలి. కొత్త రంగు వేసేది ఆ తర్వాతే.

రోడ్డు మీద నడిపే బండికి ఇంకో హద్దు ఉంది. తయారీదారు ఇచ్చిన, రిజిస్ట్రేషన్‌లో నమోదైన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. టైరు, ఎత్తు, ఇంజిన్, ఏది మార్చాలన్నా స్పానర్ పట్టుకునే ముందు రవాణా శాఖ కార్యాలయంలో అడగాలి.