సిరాగీతలలో నిలిచిన నగరము

లండను నగరమున థేమ్సు నదికి దక్షిణపు టొడ్డున సదర్కు అను పేట కలదు. ఆ పేటలో నదికి సమీపమున ఎత్తైన గోపురముగల యొక పురాతనమైన చర్చి యున్నది. 1638వ సంవత్సర ప్రాంతమున ఆ గోపురముపైనుండి కనబడు దృశ్యమును వెన్సెస్లాస్ హాలర్ అను చిత్రకారుడు చిన్న కాగితముపై చిత్రించెను. ఇరుకు వీధులు, ఒకదాని నొకటి ఒరసికొనుచున్న ఇండ్ల కప్పులు, చెట్లు, కుడివైపున నది, దూరమున వెస్టుమినిస్టరు, నడుమ రెండు గుండ్రని భవనములు అందు గోచరించును.

హాలర్ ఆంగ్లేయుడు కాడు. అతడు 1607లో ప్రాగు నగరమున జన్మించెను. యూరపు ఖండము ముప్పది యేండ్ల యుద్ధములో మునిగియున్న దినములలో జీవనోపాధికై జర్మను నగరములలో సంచరించెను. 1636లో అరండెలు ప్రభువు అతని నేర్పును చూచి తన పరివారములో చేర్చుకొని లండనునకు తోడ్కొని వచ్చెను. పరదేశి కన్నులకు ప్రతి వస్తువును క్రొత్తగానే తోచును గదా! ఆ నగరవాసులు నిత్యము చూచుచు గమనింపక విడిచిన వానిని అతడు శ్రద్ధతో గీసికొనెను.

అట్టి చిత్రమును వ్రాయు విధానము తెలిసికొనదగినది. చిత్రకారుడు మొదట పెన్సిలుతో సన్నని గీతలు గీయును. ఏ గోపురమునకు ఏ కప్పు ఎంత దూరమున నున్నదో, ఏది దేనిని మరుగుపరచుచున్నదో అప్పుడే నిర్ణయించుకొనును. పిమ్మట ఈకకలముతో ఆ గీతలపై సిరా నడపును. ఆ కాలపు యూరపులో మాచికాయల కషాయమున అన్నభేది కలిపి సిరా చేయుట పరిపాటి. అది వ్రాసిన పిదప నల్లబడి, ఏండ్లు గడచినకొలది గోధుమవన్నెకు తిరుగును. సిరాగీత ఒకసారి పడెనా, దానిని తుడుచుటకు వీలులేదు. హాలర్ చిత్రమున సిరా క్రింద పెన్సిలు జాడలు నేటికిని కనబడుచున్నవి.

ఇంతలో ఇంగ్లండులో రాజునకును పార్లమెంటునకును యుద్ధము సంభవించెను. 1644లో హాలర్ ఆంట్వర్పు నగరమునకు వలసపోయెను. తాను గీసికొనిన చిత్రముల ఆధారముతో, ఆరు రాగిరేకులపై లండను నగరపు మహాదృశ్యము నొకదానిని అచ్చటనే సిద్ధపరచెను. రాగిరేకునకు మైనము పూసి, దానిపై సూదితో గీసి, ఆమ్లములో ముంచినచో గీసినచోట మాత్రమే రేకు తినబడి గాడి యేర్పడును. ఆ గాళ్లలో సిరా నింపి కాగితమును అదిమినచో బొమ్మ పడును. అయితే అది అద్దములోని ప్రతిబింబమువలె కుడి యెడమలు తారుమారై పడును. కావున చిత్రకారుడు రేకుపై సర్వమును కుడి యెడమలు తారుమారుగా తలచి గీయవలెను. హాలర్ ఆ శ్రమ కోర్చి 1647లో ఆ చిత్రమును వెలువరించెను. చూపరులకు తెలియుటకై ముఖ్యమైన కట్టడములపై పేర్లును వ్రాసెను.

అచ్చటనే పొరపాటు జరిగినది. ఆ రెండు గుండ్రని భవనములలో ఒకటి షేక్స్పియరు నాటకములకు ప్రసిద్ధికెక్కిన గ్లోబు నాటకశాల. రెండవది ఎలుగుబంట్లపైకి కుక్కలను ఉసికొలిపి వినోదము చూచు ఆవరణము. అచ్చుచిత్రమున వీని పేర్లు ఒకదాని కొకటి మారిపోయినవి! మూలచిత్రమున ఆ భవనములకు పేర్లు లేవు. దూరదేశమున, ఏండ్లు గడచిన పిదప, జ్ఞాపకముపై పేర్లు వ్రాయుటచే బహుశః ఈ తప్పు దొరలియుండును. దాదాపు మూడువందల యేండ్లవరకు చదువరులు ఎలుగుబంట్ల యావరణమునే షేక్స్పియరు నాటకశాలగా భావించిరి. పాత దస్తావేజులలోని స్థలముల హద్దులను పరిశీలించి, నదికి దూరముగా నున్నదే నిజమైన గ్లోబు అని ఇరువదవ శతాబ్దపు పండితులు తేల్చిరి.

గ్లోబు మొదట 1599లో నిర్మింపబడెను. 1613లో ఎనిమిదవ హెన్రీ నాటకమును ప్రదర్శించుచు ఫిరంగి పేల్చగా, నిప్పు గడ్డికప్పున పడి శాల యంతయు కాలిపోయెను. ఎవరికిని ప్రాణహాని కలుగలేదు. ఒకని లాగునకు నిప్పంటుకొనగా సీసాలోని మద్యముతో నార్పిరట! మరుసటి యేడు, పాత పునాదులపైననే, పెంకుల కప్పుతో తిరిగి కట్టిరి. హాలర్ చూచినది ఈ రెండవ శాలను. పునాదులు అవియే గనుక, దీని కొలత తెలిసినచో మొదటిదాని కొలతయు తెలిసినట్లే. 1642లో పార్లమెంటు నాటకశాలలను మూయించెను. కొలదికాలమునకు గ్లోబును కూల్చివేసిరి.

జాన్ ఓరెల్ అను పండితుడు అచ్చుచిత్రమును ప్రక్కనుంచి, సిరాచిత్రమునే ఆశ్రయించెను. అందలి గోపురముల మధ్య దూరములను పటములతో సరిపోల్చి, హాలర్ ఊహించి గీయలేదనియు, కంటికి కనబడిన ప్రమాణములనే కాగితముపై నిలిపెననియు వాదించెను. ఆ లెక్కనుబట్టి గ్లోబు వ్యాసము సుమారు 100 అడుగులని 1983లో ప్రకటించిన గ్రంథమున వ్రాసెను. 1989లో త్రవ్వకములలో అసలు పునాదుల భాగము కొంత బయటపడినది. కాని దొరికినది స్వల్పము. కొలతను గూర్చి పండితులలో వాదములు నేటికిని సమసిపోలేదు. అయినను 1997లో లండనులో ప్రారంభమైన నూతన గ్లోబు నిర్మాణమునకు తోడ్పడిన సాక్ష్యములలో ఈ చిన్న కాగితము ముఖ్యమైనది.

హాలర్ 1652లో లండనునకు తిరిగివచ్చెను. 1666 సెప్టెంబరులో మహాగ్నికి నగరమున 13,000 పైచిలుకు ఇండ్లు భస్మమయ్యెను. సెయింటు పాల్ చర్చియు దగ్ధమయ్యెను. ఆ చర్చి పూర్వరూపమును నేడు మనము ఎరుగుట ముఖ్యముగా అంతకుముందే హాలర్ చెక్కిన చిత్రములవలననే. అగ్ని చల్లారిన పిదప, అతడు నగరపు శిథిలములను చిత్రించెను. అతడు ఇసుక గడియారమును ఎదుట నుంచుకొని గంటకు నాలుగు పెన్నీల కూలికి పనిచేసెననియు, మాటలతో పని ఆగినపుడు ఆ గడియారమును పండబెట్టెడివాడనియు చెప్పుదురు. సుమారు 2,700 అచ్చుచిత్రములు చేసిన ఆ శ్రమజీవి 1677లో పేదరికముననే మరణించెను.

సదర్కు సిరాచిత్రము నేడు అమెరికాలోని యేలు విశ్వవిద్యాలయపు చిత్రశాలలో నున్నది. వెస్టుమినిస్టరు దిక్కుగా సదర్కు పడమటి భాగమని హాలర్ తన చేతితో దానిపై వ్రాసికొనెను. ఆ రెండు గుండ్రని భవనములపై మాత్రము పేరేదియు లేదు.