కారులో చలువ నిలువకున్నచో

మందు పెట్టుటకు ముందు రోగమునకు నిదానము తెలిసికొనవలెనని మన వైద్యశాస్త్రము బోధించుచున్నది. నిదానము కొఱకే మాధవనిదానమను ప్రత్యేక గ్రంథము వెలసినది. ఆ న్యాయము యంత్రములకును చెల్లును.

1998 నవంబరు 22వ తేదీన సైబర్ టవర్సు ప్రారంభమైనది మొదలు మాదాపురము, గచ్చిబౌలి ప్రాంతములు కొలువులకు నెలవులైనవి. 2019 మార్చిలో హైటెక్ సిటీ వఱకు మెట్రో రైలు వచ్చినను, సాయంకాలమున బయోడైవర్సిటీ కూడలిలో కారులు బారులు తీరుచునే యున్నవి. రోళ్లు పగిలెడి రోహిణీకార్తెలో అట్టి బారు నడుమ ఏసీ వేడిగాలి విసరినచో లోనివారి యవస్థ చెప్పనలవి కాదు. పనివాడు "గ్యాసు తగ్గిన"దనును, సొమ్మిచ్చి నింపింతుము, రెండు మాసములకు మరల అదే కథ. ఈ వృథావ్యయము నివారింపదగినది.

ఏసీ చలిని పుట్టించు యంత్రము కాదు. వేడిమిని బయటికి మోసికొనిపోవునది. మట్టికూజా చెమర్చి, ఆ తడి ఆవిరియగుచు నీటిలోని వేడిని కొనిపోవుటచేతనే నీరు చల్లబడును. కారులో నీ పనిని జనులు గ్యాసు అనెడి శీతలద్రవ్యము చేయును. కంప్రెసరు దానిని బలముగా నొత్తును. రేడియేటరు ముందుండు కండెన్సరులో నది తన వేడిని బయటిగాలికి విడిచి ద్రవమగును. పిదప నొత్తిడి తగ్గి, డాష్‌బోర్డు వెనుకనుండు ఇవాపొరేటరులో మరల ఆవిరియగుచు లోపలిగాలి వేడిని గ్రహించును. మూసిన గొట్టములలో తిరుగు నీ ద్రవ్యము పెట్రోలువలె ఖర్చగునది కాదు. ఏండ్లు గడచిన కొలది స్వల్పముగా తగ్గవచ్చును గాని, మాసములలోనే తగ్గినచో నెక్కడనో కారుచున్నదని యర్థము.

ఇక లక్షణములను బట్టి కారణము నూహింపవచ్చును.

కారు పోవుచుండగా చల్లగాను, కూడలిలో నిలిచినపుడు వేడిగాను వచ్చుచున్నచో, కండెన్సరునకు గాలి చాలుట లేదన్నమాట. దానికి విసరు ఫ్యాను తిరుగుట లేదేమో, లేదా రేకుల నడుమ దుమ్ము పేరుకొన్నదేమో చూపింపవలెను. కోకాపేట వంటి చోట్ల మేడలు కట్టుచుండగా రేగెడి దుమ్ము దీనికి శత్రువు. మెల్లని నీటిధారతో కడిగించినను కొన్నియెడల చాలును.

మొదట చల్లగా వచ్చి, క్రమముగా గాలియే సన్నగిల్లి, కొంతసేపు ఆపి వేసినపుడు మరల బాగుగా వచ్చినచో ఇవాపొరేటరుపై మంచు కట్టుచున్నది. క్యాబిన్ ఫిల్టరు మూసికొనిపోవుటయో, చలువను కొలుచు సెన్సరు చెడుటయో, గ్యాసు కొఱవడుటయో దీనికి హేతువు. ఫిల్టరును మనమే తీసి చూడవచ్చును.

గాలి జోరుగానే యుండి చలువ మాత్రము హఠాత్తుగా పోయి మరల వచ్చుచున్నచో కంప్రెసరు క్లచ్చును, రిలేను, ప్రెజరు స్విచ్చును పరీక్షింపవలెను. ఇంజను మిక్కిలి వేడెక్కినపుడును కంప్రెసరు ఆగిపోవుట కలదు. కావున ఉష్ణమాపకముపై చూపుంచవలెను. దినదినము చలువ తగ్గుచు వచ్చుటయు, గొట్టముల యతుకులకడ నూనెమరకలు కనబడుటయు గ్యాసు కారుటకు గుర్తులు. కారు క్రింద నీరు బొట్లుబొట్లుగా పడుట మాత్రము దోషము కాదు. అది గాలిలోని తేమయే.

గ్యాసు నింపించుటకు పూర్వము కారెడి చోటు కనుగొని బాగుచేయుడని పట్టుబట్టవలెను. పిదప గొట్టములలోని గాలిని, తేమను వ్యాక్యూము పంపుతో తీయించి, బానెటు క్రింది చీటిలో వ్రాసిన తూకము ప్రకారమే నింపింపవలెను. తక్కువైనను ఎక్కువైనను చలువ చెడును. పెక్కు కారులలోని ఆర్134ఏ యను గ్యాసు గాలిలో కలిసినచో, అంతే తూకముగల బొగ్గుపులుసు వాయువుకంటె వేయిరెట్లకు పైగా భూమిని వేడెక్కించును. కనుక కారుచున్న బండిలో మరల మరల నింపించుట లోకమునకును కీడు.

ఎండలో నిలిపిన కారెక్కినపుడు తలుపులు కొంచెము తెఱచి వేడిగాలిని పోనిచ్చి, పిదప ఏసీ వేయుడు. ఏసీ యున్నదన్న ధైర్యముతో పసివారిని, వృద్ధులను కారులో విడిచి పోరాదు. అది ఆగిన కొలది నిమిషములలోనే లోపల ప్రాణాపాయకరమగు వేడి పుట్టును. మూసియున్న చోట ఇంజను నడపుచు నిద్రించుట విషవాయువు మూలమున మరణహేతువు.

అద్దెకారులలో చలువ లేకున్న ప్రతియెడలను యంత్రదోషమనుకొనరాదు. కంప్రెసరు ఇంజను బలముతో తిరుగును గాన ఇంధనము హెచ్చుగా ఖర్చగును. తమకు ముట్టెడి కూలి యా ఖర్చునకు చాలదని 2024 ఏప్రిల్‌లో హైదరాబాదు క్యాబు డ్రైవర్లు ఏసీ వేయకుండ నిరసన తెలిపిరి. అతనితో కలహించుటకు ముందు కారణ మడిగి తెలిసికొనుట యుచితము.

కారును పనివానికడకు పంపునపుడు "చల్లగా లేదు" అని మాత్రము చెప్పి యూరకొనవలదు. ఎపుడు చల్లగా నుండునో, ఎంతసేపటికి వేడెక్కునో, గాలి తగ్గునో లేదో యొక కాగితముపై వ్రాసి యిండు. నింపిన గ్యాసు తూకమును రసీదులో వ్రాయుమనుడు. ఈ రెండు కాగితములును భద్రపఱచినచో, మరుసటి వేసవిలో మరల చలువ తగ్గినను వెదకవలసిన చోటు తెలియును.