వి.వి.ఎస్.లక్ష్మణ్

వంగీపురపు వెంకట సాయి లక్ష్మణ్ (జననం: 1974 నవంబర్ 1, హైదరాబాదు) 1996 నుంచి 2012 వరకు భారత జట్టు తరఫున టెస్ట్ క్రికెట్ ఆడిన తెలుగు బ్యాట్స్‌మన్. 134 టెస్టులలో 17 శతకాలతో 8781 పరుగులు సాధించినాడు. సమకాలికులైన సచిన్ టెండుల్కర్, రాహుల్ ద్రవిడ్‌ల సగటు 50కి పైబడి ఉండగా లక్ష్మణ్ సగటు 45.97 మాత్రమే. అయితే ఆ పరుగులు ఎటువంటి సమయంలో వచ్చినవో సగటు చెప్పదు. అందుకు స్కోరుకార్డు చదవవలసి ఉంటుంది.

సగటు లెక్కింపు

మొత్తం పరుగులను ఆడిన ఇన్నింగ్సులతో కాక, ఔటైన ఇన్నింగ్సులతో భాగించగా వచ్చేది సగటు. లక్ష్మణ్ 225 ఇన్నింగ్సులలో 34 సార్లు నాటౌట్‌గా నిలిచినాడు. కనుక 8781ని 191తో భాగించాలి. 2010లో మొహాలీలో ఆస్ట్రేలియాపై 216 పరుగుల లక్ష్యఛేదనలో భారత్ 124 పరుగులకే 8 వికెట్లు కోల్పోగా, వెన్నునొప్పితో బాధపడుతూనే లక్ష్మణ్ 73 పరుగులతో అజేయంగా నిలిచి ఒక్క వికెట్ తేడాతో గెలిపించినాడు. సగటు పట్టికలో మాత్రం అవి ఏ 73 పరుగులతోనైనా సమానమే.

కోల్‌కత టెస్ట్ (2001)

ఐదు రోజుల టెస్టులో మొదట బ్యాటింగ్ చేసిన జట్టుకు తొలి ఇన్నింగ్సులో కనీసం 200 పరుగుల ఆధిక్యం లభిస్తే, ప్రత్యర్థిని వెంటనే మళ్ళీ బ్యాటింగ్ చేయమని కోరవచ్చు. దీనినే ఫాలో-ఆన్ అంటారు. 2001 మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియా 445 పరుగులు చేయగా భారత్ 171కే ఆలౌటైంది. వరుసగా 16 టెస్టులు గెలిచి ఉన్న ఆస్ట్రేలియా కెప్టెన్ స్టీవ్ వా, 274 పరుగుల ఆధిక్యంతో ఫాలో-ఆన్ ఆడించినాడు.

తొలి ఇన్నింగ్సులో 59 పరుగులతో రాణించిన లక్ష్మణ్‌ను రెండవసారి ఆరవ స్థానం నుంచి మూడవ స్థానానికి పంపినారు. మూడవ రోజు ఆట ముగిసేసరికి స్కోరు 254/4, అంటే నాలుగు వికెట్లు పోయినా లోటు ఇంకా 20 పరుగులు ఉన్నది. నాలుగవ రోజంతా లక్ష్మణ్, ద్రవిడ్ వికెట్ పడనీయక 335 పరుగులు జోడించినారు. వీరి ఐదవ వికెట్ భాగస్వామ్యం 376 పరుగులు. లక్ష్మణ్ 281 పరుగులతో సునీల్ గవాస్కర్ పేరిట ఉన్న భారత రికార్డును (236 నాటౌట్) అధిగమించినాడు. ద్రవిడ్ చేసినవి 180. భారత్ 657/7 వద్ద డిక్లేర్ చేయగా, 384 లక్ష్యంతో దిగిన ఆస్ట్రేలియా 212కే ఆలౌటైంది. మ్యాచ్‌లో హర్భజన్ సింగ్‌కు 13 వికెట్లు దక్కినవి. గెలుపు తేడా 171 పరుగులు. ఓటమి తప్పదనిపించిన భారత తొలి ఇన్నింగ్సు స్కోరు కూడా సరిగ్గా అంతే!

ఫాలో-ఆన్ ఆడి గెలవడం ఎంత అరుదో చెప్పడానికి, అంతకుముందు 1894, 1981లలో ఇంగ్లాండు, ఆ తరువాత 2023లో న్యూజీలాండ్ మాత్రమే ఆ ఘనత సాధించినవని గమనిస్తే చాలు.

నిష్క్రమణ

ఇంతటి ఆటగాడికి ప్రపంచ కప్‌లో ఒక్క మ్యాచ్ ఆడే అవకాశమైనా రాలేదు. చివరి టెస్టును 2012 జనవరిలో అడిలైడ్‌లో ఆడినాడు. అదే ఏడాది ఆగస్టులో సొంత నగరమైన హైదరాబాదులో న్యూజీలాండ్‌తో జరిగే టెస్టుకు జట్టులో స్థానం లభించినా, దానికి ఐదు రోజుల ముందు, ఆగస్టు 18న అంతర్జాతీయ క్రికెట్ నుంచి తప్పుకుంటున్నట్లు ప్రకటించినాడు. ఉప్పల్‌లో అతడి చివరి ఇన్నింగ్సు చూడాలని ఎదురుచూసిన అభిమానులకు ఇది తీరని కొరతే. ఆ టెస్టులో న్యూజీలాండ్ ఫాలో-ఆన్ ఆడి, ఇన్నింగ్స్ 115 పరుగుల తేడాతో ఓడిపోయింది.